పూచీ పడవ

పాతతిప్ప,
20 ఫిబ్రవరి 2025

చిరంజీవి సుభాషిణికి,

మామయ్య దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. క్షేమంగా లేము. ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగ ఇసుకతో పూడిపోయింది. నడిచిపోవచ్చు దాని మీద, పాదం కూడా తడవదు.

నీ ఫోన్లు చూస్తూనే ఉన్నాను. ఎత్తి మాట్లాడితే కోపంలో ఏమంటానో నాకే తెలియదు. పైగా ఫోన్లో చెప్పిన మాట ఊళ్ళోకి వచ్చేసరికి సగమైపోతోంది. ఇకమీదట కాగితం మీద రాయి. కాగితమైతే ఉన్నదున్నట్టు రచ్చలో కూడిన కులం ముందు పెట్టి చదువుతాను.

జరిగింది విను. మాఘ పౌర్ణమికి ఇసుక తవ్వి మొగ కొడితే నిలబడుతుందా అని, మొగల మీదే పరిశోధన చేస్తున్న నిన్ను అడిగాము. నువ్వు చాలాసేపు మాట్లాడి వాయిస్ మెసేజ్ పెట్టావు. మావాడు మధుబాబు అదంతా ఎవరు వింటారని, ‘వదిన లెక్క కట్టింది, మొగ నెల రోజులు నిలబడతాది, 70 శాతం’ అని ఊరి గ్రూపులో టైపు చేశాడు. డెబ్బై శాతమంటే ఏమిటని కులానికి పెద్ద, మన పెద్దకాపు, నన్ను అడిగాడు. ముప్ఫై అయిదొస్తే పాసు, అరవై వస్తే ఫస్ట్ క్లాసు, ఇది డెబ్బై, ఇంకేం కావాలి అని నేనే వివరించాను. అందరూ తలలూపారు.

ఇంటికొకరు పారలు పట్టుకొని తెల్లవారుజాము నుంచి ఇసుక తవ్వారు. ఏటి నీళ్ళు ఒక్క ఊపున సముద్రంలోకి దూకాయి. కళ్ళు చల్లబడ్డాయి. బయట ఒడ్డున ఉంటే అలలకు దెబ్బతింటున్నాయని ఊళ్ళో పడవలన్నీ లోపలికి తెచ్చి ఏట్లో కట్టేశాము. వారం తిరక్కుండా అలలు ఇసుక తెచ్చి పోసి తలుపు మూసేశాయి. ఇప్పుడు ఊరంతటి పడవలూ లోపల, చేపలు బయట.

మన కట్టు నీకు తెలుసు కదా. మొగ సంగతిలో మాట ఇచ్చినవాడిదే పూచీ. అందరి పడవలూ బయటపడ్డాక గాని వాడి పడవ కదలకూడదు. ఈసారి మాట ఇచ్చింది నేను, నీ మాట పట్టుకొని. హజరత్తయ్య అయితే, నన్ను రచ్చలో నిలబెట్టి తప్పు ఒప్పించాలంటున్నాడు.

ఎందుకు నిలబడలేదో రాయి.

మీ మామయ్య,
ముత్యాలయ్య


చెన్నై,
23 ఫిబ్రవరి

మామయ్యకు నమస్కారాలు.

ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. అత్త పంపిన ఎండు నెత్తళ్ళు వేయిస్తుంటే కింది ఇంటావిడ వచ్చి వాసన గురించి గొడవ పెట్టుకుంది. అదే వేళకు పోస్టు వచ్చింది. నెత్తళ్ళు మాడిపోయాయి.

మామయ్యా, డెబ్బై శాతం మార్కులు కావు. ఇలాంటి గాలి, ఇలాంటి అల, ఏట్లో ఇంత నీరు ఉన్నప్పుడు పదిసార్లు మొగ కొడితే ఏడుసార్లు నెల రోజులు నిలుస్తుంది, మూడుసార్లు ముందే పూడిపోతుంది అని అర్థం. మనకు ఆ మూడింటిలో ఒకటి తగిలింది. నా మెసేజ్ రెండో సగంలో ఇదే చెప్పాను. పూడిపోతే ఏం చేయాలో ముందే అనుకోండి, పడవలన్నీ ఒకేసారి లోపలికి తేవద్దు అని కూడా చెప్పాను. మధు ఆ సగాన్ని మింగేశాడు. వాణ్ణి అడుగు.

కాబట్టి నా లెక్క తప్పు కాదు. మూడు పాళ్ళ అవకాశం ఉందన్నది జరిగింది, అంతే. ఈ మాట కులం పెద్దలకు నిదానంగా చెప్పు. వాళ్ళు చిన్నపిల్లలు కారు, అర్థం చేసుకుంటారు.

అత్తకు చెప్పు, నేను వేళకు తింటున్నాను.

నీ మేనకోడలు,
సుభాషిణి


పాతతిప్ప,
28 ఫిబ్రవరి

అమ్మాయి సుభాషిణికి,

నీ ఉత్తరం కులం ముందు మొదటి నుంచి చివరి దాకా చదివాను. చదవకుండా ఉండాల్సింది.

హజరత్తయ్య లేచి ఒక్కటే అడిగాడు. “నిలబడితే ఏడులో ఉందంటాది, పూడితే మూడులో ఉందంటాది. ఆయమ్మి ఎప్పటికి తప్పుతాది అన్నా? ఇట్టాంటి మాట సోది చెప్పే ఆమె గూడా చెప్తాది గదా.” అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

చిన్నపిల్లలు కారు అన్నావే, నిజమే. సముద్రం మీద రేపటి సంగతి ఎవరికీ తెలియదని వాళ్ళకు నువ్వు పుట్టకముందే తెలుసు. వాళ్ళు అడుగుతున్నది అది కాదు. నీ లెక్క సరైనదో కాదో మేము ఏ గుర్తు చూసి తెలుసుకోవాలి? పూడినా నీదే గెలుపు, తెరుచుకున్నా నీదే గెలుపు అయితే ఆ లెక్క మాకెందుకు?

నిన్న అమావాస్య. మళ్ళీ కొడదామంటే పూచీ పడేవాడు లేడు. పోటు వచ్చింది, పోయింది. అల్లూరు నుంచి ట్రాక్టరు తెప్పించి ఒక పడవను ఇసుక మీదుగా లాగి చూశారు. చక్రాలు దిగబడ్డాయి, పడవ అడుగున ఫైబర్ పగిలింది. ఆ పడవ హజరత్తయ్యదే. ఏప్రిల్ నడిమికి వేట నిషేధం వస్తుంది. ఆలోపల బయటపడకపోతే జూన్ దాకా ఊరు ఊరంతా ఒడ్డున కూర్చోవాల్సిందే. మీ అత్త నీళ్ళ ట్యాంకు దగ్గరికి పోతే పక్కవాళ్ళు మాట ఆపేస్తున్నారు. అది ఇంటికొచ్చి నా మీద అరుస్తోంది.

మధును అడిగాను. వాడు తలవంచుకున్నాడు. అంతకంటే ఏమీ చేయలేను, ఇరవై ఆరేళ్ళవాణ్ణి కొట్టలేను కదా.

నిన్ను ఎప్పుడు తప్పు అనాలో చెప్పు.

ముత్యాలయ్య


చెన్నై,
3 మార్చి

మామయ్యకు,

నీ ఉత్తరానికి మొదట ఒళ్ళు మండింది. తర్వాత సిగ్గేసింది. హజరత్తయ్య మామ అడిగినది నా సార్ నన్ను అడగాల్సిన ప్రశ్న. ఎవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

జవాబు ఉంది. ఒక్కసారి చూసి చెప్పలేము. నేను డెబ్బై అన్న సందర్భాలన్నీ ఒకచోట పెట్టి చూడాలి. వాటిలో పదికి ఏడు నిలబడితే నా లెక్క సరైనది. అన్నీ నిలబడినా తప్పే, సగం పూడిపోయినా తప్పే. నువ్వు రెండేళ్ళుగా ఏట్లో కొలతకర్ర చూసి పంపుతున్న కొలతలు తీసి, మొగ తెరిచినప్పుడల్లా నా లెక్క ఏం చెప్పి ఉండేదో, నిజంగా ఏం జరిగిందో పోల్చాను. డెబ్బై వచ్చినచోట సగమే నిలబడ్డాయి. అంటే నా లెక్క తప్పు. మొగను ఉన్నదానికంటే గట్టిదనుకుంటోంది. ఊళ్ళో ఈ మాట ఇలాగే చదువు.

తప్పు ఎక్కడుందో వెతికితే ఒకటి కనిపించింది. సముద్రం విరుచుకుపడిన రోజుల్లో, గాలి గట్టిగా ఉన్న రోజుల్లో, కొలతకర్ర మీద నీళ్ళు సరిగ్గా ముందురోజు ఎంతో అంతే ఉన్నాయి. ఒక్క అంగుళం తేడా లేదు. అలా ఉండటానికి వీల్లేదు. ఆ రోజుల కొలతలు ఎవరు చూశారు? నువ్వేనా, ఇంకెవరికైనా చెప్పావా? దయచేసి దాచకు. నాకు నిజం కావాలి.

పౌర్ణమికి ఇంక ఎన్నో రోజులు లేవు. వెంటనే రాయి.

సుభాషిణి


పాతతిప్ప,
6 మార్చి

సుభాషిణికి,

దాచకు అన్నావు. నిజం కావాలన్నావు. నీ చేత ఈ మాట అనిపించుకోవడానికా రెండేళ్ళు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి కర్ర చూసింది? మీ అమ్మ బతికి ఉంటే ఈ ఉత్తరం దానికి పంపేవాణ్ణి.

అవును, నేనే. అల పెద్దదిగా ఉన్న రోజు ఆ కర్ర దగ్గరికి మనిషి పోలేడు. పోతే తిరిగి రాడు. ఊళ్ళో ఎవరైనా పోయి శవం లేచిన రోజు ఎవరమూ నీళ్ళలో కాలు పెట్టము, అది నీకు తెలియనిది కాదు. అలాంటి రోజు నిన్నటి కొలతే పంపాను. నిన్న ఎంతో ఈరోజూ ఇంచుమించు అంతే ఉంటుందిలే అనుకున్నాను.

ఎందుకు పంపానో కూడా విను. ఖాళీగా పంపితే మీ పెద్ద సారు నిన్ను ఏమంటాడో అని భయపడ్డాను. పల్లెవాళ్ళకు పని అప్పజెప్తే ఇంతే అంటాడని, నీ చదువుకు నా వల్ల మచ్చ వస్తుందని అనుకున్నాను. మన కులంలో ఇంత దాకా చదివింది నువ్వొక్కదానివే. నీ కాగితంలో ఒక్క గడి కూడా ఖాళీ ఉండకూడదని నా పట్టుదల. అంతే తప్ప అబద్ధమాడాలని కాదు. ఇప్పుడు అదే నా నెత్తి మీదకు వచ్చింది. ఊరి ముందు నువ్వు తప్పు, నీ ముందు నేను తప్పు.

ఆ కర్ర పీకేస్తానని పొద్దున బయలుదేరాను. మీ అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది.

ముత్యాలయ్య


చెన్నై,
9 మార్చి

నా మామయ్యకు,

నీ ఉత్తరం పట్టుకొని ఏడ్చాను. నిన్ను దొంగను అడిగినట్టు అడిగాను. నన్ను క్షమించు. కర్ర చేతికిచ్చి గీతలు ఎలా చూడాలో చెప్పానే గాని, చూడలేని రోజున ఏం చేయాలో ఒక్క మాట చెప్పలేదు. అది నా బాధ్యత. ఖాళీ గడి నాకు పనికిరానిది కాదు మామయ్యా. ఆ రోజు సముద్రం మనిషిని దగ్గరికి రానివ్వలేదని అదే చెబుతుంది. నువ్వు దాన్ని నింపేసరికి, సముద్రం మంచిగా ఉన్న రోజులే నా లెక్కకు తెలిశాయి. అందుకే మొగ గట్టిదనుకుంది.

ఆ రోజులన్నీ తీసేసి మళ్ళీ కట్టాను. ఈ పౌర్ణమికి కొడితే మొగ నెల రోజులు నిలబడటం పదిలో నాలుగుసార్లో అయిదుసార్లో. ఇంతకంటే ఖచ్చితంగా చెబితే అది నా కల్పన అవుతుంది.

కానీ మనం తప్పు ప్రశ్న పట్టుకొని కూర్చున్నాము. మొగ నెల రోజులు నిలబడాల్సిన పని ఇప్పుడు లేదు. పడవలు బయటపడితే చాలు. కొట్టిన తర్వాత రెండు పాట్లు, అంటే నీళ్ళు సముద్రంలోకి దిగే రెండు వేళలు, పడవ పట్టేంత లోతు ఉంటుందా? పదిలో తొమ్మిదిసార్లు ఉంటుంది. పడవలన్నీ వరుసలో పెట్టుకోండి, దారి తెరుచుకోగానే ఆగకుండా దాటించండి. ఒక్కటి కూడా మళ్ళీ లోపలికి తేవద్దు.

తొమ్మిది అని చదివినప్పుడు మిగిలిన ఆ ఒక్కటి కూడా చదువు. గట్టిగా చదువు. నాకు దాని గురించే భయం, ఎందుకంటే చివరి పడవ నీది.

సుభాషిణి


పాతతిప్ప,
17 మార్చి

అమ్మా సుభాషిణీ,

ముందుగా, మనుషులందరూ క్షేమం. మధుకు మోచెయ్యి గీరుకుపోయింది, అంతే.

నీ ఉత్తరం చదివాను. నేను కొలతలు నింపిన సంగతి కూడా నా నోటితోనే చెప్పాను. ఎవరూ నవ్వలేదు. హజరత్తయ్య “తొమ్మిదా, పదా, తేల్చి చెప్పు” అన్నాడు. తొమ్మిదే అన్నాను. “ఆ ఒకటి వస్తే?” అన్నాడు. వస్తే నా పడవ ఉంది కదా ఆఖరున, దాన్ని తీసుకుంటుంది అన్నాను. ఆ మాటతో పెద్దకాపు సరేనని లేచాడు. పూచీ నా మీద పడింది.

పౌర్ణమి నాడు పోటు నిండే వేళకు ఇసుక తవ్వి కట్ట సన్నగా మిగిల్చి, నీళ్ళు దిగడం మొదలవగానే తెంచాము. దారి తెరుచుకుంది. మొదటి పాటుకు సగానికి పైగా పడవలు దాటిపోయాయి. ఒడ్డున ఆడవాళ్ళు ఒక్కో పడవకూ పేరు పెట్టి కేకలు వేశారు. రెండో పాటుకు దక్షిణం నుంచి అల లేచింది. అప్పటికీ ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. అడుగుకు పట్టీ వేయించుకున్న హజరత్తయ్య పడవ కూడా గట్టెక్కింది. మన పడవ మొగ గొంతులోకి వచ్చేసరికి అడుగు ఇసుకకు తగిలింది. ఇంజను గొంతు చించుకుంది గాని పడవ కదల్లేదు. అల వచ్చి పక్కకు తోసింది. మధు నీళ్ళలోకి దూకాడు. ఆ క్షణం నేను పడవ సంగతే మరిచిపోయాను. ఒడ్డు నుంచి తాడు వేసి వాణ్ణీ పడవనూ లోపలికే లాగారు. సాయంత్రానికి మొగ పూడిపోయింది. నీ కొలతకర్ర కొట్టుకుపోయింది, వెతికినా దొరకలేదు.

ఊరంతటి పడవలూ బయట, నాది ఒక్కటే లోపల. నీ మాట తప్పిందని ఎవరూ అనడం లేదు. కానీ అమ్మా, పెద్దమనిషిగా తిరిగి, ఇంటికొచ్చి ఖాళీ వలను చూస్తుంటే ఎలా ఉంటుందో రాయలేను. మధు వేరేవాళ్ళ పడవ మీద కూలికి పోతున్నాడు.

ఉగాది ముందు అమావాస్య వస్తోంది. నిషేధం లోపల అదే మంచి అదను. కానీ ఒక్క పడవ కోసం ఊరు ఊరంతా మళ్ళీ పార పట్టాలి. అడగాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఒక అంకె పంపు. తొమ్మిది అని రాయి, కాకపోతే ఎనిమిది. ఆ ఒకటో రెండో మిగిలినవాటి సంగతి నేను చూసుకుంటాను. అంకె లేకుండా నేను కులం ముందు నిలబడలేను.

మీ మామయ్య


చెన్నై,
21 మార్చి

మామయ్యా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఒకదానిలో ఎనిమిది అని రాశాను కూడా.

రాయడం ఎంతో సులువు. నీ పడవ బయటపడాలని నాకంటే ఎక్కువగా ఎవరు కోరుకుంటారు? కానీ కర్ర లేదు. ఆ అల వచ్చాక మొగ అడుగున ఇసుక ఎంత చేరిందో తెలియదు. ఏట్లో నీరు ఎంత ఉందో తెలియదు. ఇప్పుడు నేను అంకె రాస్తే, చూడని రోజుకు నిన్నటి కొలత పంపినట్టే అవుతుంది. నీ మీద ప్రేమతోనే రాస్తాను. అయినా అది అంతే.

మధు నీళ్ళలోకి దూకాడని చదివినప్పటి నుంచి, నా అంకె నమ్మి ఈసారి గొంతులో ఇంకెవరు నిలబడతారో అని భయంగా ఉంది. కొత్త కర్ర చేయిస్తున్నాను గాని అమావాస్య లోపల అందదు.

కాబట్టి, నాకు తెలియదు. కులం ముందు ఈ మాటే చదువు. నా మీద కోపం వస్తే రానివ్వు.

సుభాషిణి


పాతతిప్ప,
26 మార్చి

చిరంజీవి సుభాషిణికి,

మామయ్య రాస్తున్నాను. కోపం వచ్చింది. నీ ఉత్తరాన్ని ఉండచుట్టి మూలకు విసిరాను. మీ అత్త దాన్ని తీసి, మడతలు సాపు చేసి, నాకే చదివి వినిపించింది. విన్నాక ఇంకా కోపం వచ్చింది, ఈసారి నా మీద. బిడ్డ చేత దొంగ అంకె రాయించబోయానే అని.

నిన్న కులం కూడింది. నడిమికి పోయి నిలబడ్డాను. నా పడవ కోసం అమావాస్యకు మొగ కొట్టమని అడగడానికి వచ్చానన్నాను. పెద్దకాపు మామూలుగా అడిగాడు. “పదిలో ఎన్నంటాది మేనకోడలు?”

నీ ఉత్తరం తీసి మొత్తం చదివాను. ఎనిమిది అని రాసి చించేసిన సంగతి కూడా వదల్లేదు. చివరి మాట దగ్గరికి వచ్చాను. తెలియదు. ఎన్నోసార్లు ఆ రచ్చలో నిలబడ్డాను గాని, ఆ మాట అక్కడ ఎప్పుడూ అనలేదు. పెద్దరికం చేసేవాడు అనకూడని మాట అది అనుకునేవాణ్ణి.

పెద్దకాపు నా వైపు తిరిగాడు. “అయితే పూచీ ఎవురిదిరా ముత్యాలూ?” అన్నాడు. ఎవరిదీ లేదన్నాను. ఇంటికొకరు వస్తారో రారో మీ ఇష్టం, రాకపోయినా నాకు మనసులో ఏమీ ఉండదన్నాను. అది అబద్ధం. ఉంటుంది. అయినా అన్నాను.

తిరిగి వచ్చేద్దామని కండువా దులుపుకుంటున్నాను. వెనక బరువుగా ఒక దగ్గు వినిపించింది. హజరత్తయ్య. నిన్ను సోది చెప్పేవాళ్ళ పక్కన నిలబెట్టినవాడు, పడవ అడుగు పగిలి నన్ను వారాల తరబడి తిట్టినవాడు. కొడుకును పిలిచి పార తెమ్మన్నాడు. ఎవరో అతని పక్కన గొణిగారు, అంకె కూడా లేకుండా ఎట్టా పోతావని.

“తెలీదన్నాడు గదరా,” అన్నాడు. “తెలీనప్పుడు పోయి చూడాల్సిందే గదా.”

మీ మామయ్య,
ముత్యాలయ్య